కట్టు తెగిన బరువు

ధాన్యపు బస్తాలను ఎడ్లబండిపైకి ఎక్కించే రైతు వాటిని తోచినచోట పడవేయడు. బరువు ముందువైపు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడలపై భారంగా కూర్చుంటుంది. వెనుకవైపు ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడతాళ్ళు ఎద్దుల గొంతులకు బిగుసుకుంటాయి. అందుచేత ఇరుసుకు ముందూ వెనుకా బరువు సరితూగేట్లు బస్తాలను పేర్చి, దారిలో ఎత్తుపల్లాలు వచ్చినా అవి కదలకుండా మోకులతో బిగించి కడతాడు. ఎంత బరువు వేయాలి, ఎక్కడ వేయాలి, ఎలా కట్టాలి అనే మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతనే బండి కదులుతుంది.

ఎడ్లబండి మొదలు మహావిమానం వరకు సరుకును మోసే సాధనాలన్నింటికీ ఈ మూడు ప్రశ్నలే వర్తిస్తాయి. అయితే బండి విషయంలో పొరపాటు జరిగితే దారి పక్కన ఆపి సరిదిద్దుకోవచ్చు. విమానం నేలను విడిచిన తరువాత ఆ అవకాశం ఉండదు. 2013 ఏప్రిల్ 29న ఆఫ్ఘనిస్థాన్‌లోని బగ్రామ్ వైమానిక స్థావరంలో జరిగిన ప్రమాదం ఈ సత్యాన్ని అతి కఠినంగా తెలియజేసింది.

ప్రమాద వృత్తాంతం

2013 నాటికి ఆఫ్ఘనిస్థాన్‌లోని విదేశీ సేనల సంఖ్య క్రమంగా తగ్గుతూ వచ్చింది. ఏళ్ళ తరబడి అక్కడ పోగుపడిన యుద్ధసామగ్రిని దేశం వెలుపలికి తరలించవలసి వచ్చింది. నలువైపులా పరదేశాల నేలే తప్ప సముద్రతీరం లేని దేశం కావడంతో విమానాలపై ఆధారపడక తప్పలేదు. సైనిక విమానాలు చాలనందున ప్రైవేటు సంస్థలకు చెందిన సరుకు విమానాలను కూడా వినియోగించారు. అటువంటి వాటిలో అమెరికాకు చెందిన నేషనల్ ఎయిర్‌లైన్స్ సంస్థ నడిపిన బోయింగ్ 747-400 విమానం ఒకటి. 1993లో ఎయిర్ ఫ్రాన్స్ సంస్థలో సేవ ప్రారంభించిన ఆ విమానాన్ని తరువాతి కాలంలో పూర్తిగా సరుకు రవాణాకు అనువుగా మార్చారు.

ఆ రోజు విమానం హెల్మండ్ రాష్ట్రంలోని క్యాంప్ బాస్టియన్ స్థావరంలో ఐదు కవచ వాహనాలను ఎక్కించుకొన్నది. మందుపాతరల పేలుడును తట్టుకొనే విధంగా దళసరి ఉక్కుతో నిర్మించిన వాహనాలవి. వాటిలో రెండు ఒక్కొక్కటి 12 టన్నుల తరగతికి, మూడు ఒక్కొక్కటి 18 టన్నుల తరగతికి చెందినవి. అమెరికా టన్ను సుమారు 907 కిలోగ్రాములకు సమానం. ఆ లెక్కన అన్నింటికంటె తేలికైన వాహనం కూడా దాదాపు 10,900 కిలోగ్రాముల బరువు ఉంటుంది.

విమానం చేరవలసిన గమ్యం దుబాయి. ఇంధనం నింపుకోవడానికి అది మార్గమధ్యంలో బగ్రామ్‌లో దిగింది. మధ్యాహ్నం సుమారు 3 గంటల 27 నిమిషాలకు తిరిగి బయలుదేరింది. రన్‌వేపై వేగం పుంజుకొని, ముక్కు పైకెత్తి, నేలను విడిచింది. కొద్ది క్షణాలకే ఆ ముక్కు ఉండవలసిన దానికంటె ఎంతో ఎక్కువగా పైకి లేచింది. వేగం తగ్గిపోయి, విమానం దాదాపు ఆకాశంలో నిలిచినట్లై, ఒక పక్కకు వాలి, రన్‌వే చివరి భాగానికి సమీపంలో కూలి మంటలలో చిక్కుకొన్నది. నలుగురు పైలట్లు, ఇద్దరు మెకానిక్‌లు, సరుకు ఎక్కింపును పర్యవేక్షించే లోడ్‌మాస్టర్ ఒకరు, మొత్తం ఏడుగురూ మరణించారు. అందరూ అమెరికా పౌరులే.

సమీపంలోని ఒక వాహనానికి అమర్చిన కెమెరాలో ఈ దృశ్యమంతా నమోదైంది. ఆ చిత్రం కొద్ది రోజులలోనే అంతర్జాలం ద్వారా లోకమంతటా వ్యాపించింది.

సమతౌల్య సూత్రం

అంతటి విమానం అలా ఎందుకు కూలిపోయిందో గ్రహించడానికి ముందుగా విమానపు సమతౌల్యాన్ని గురించి తెలుసుకోవాలి. ఒక వస్తువు మొత్తం బరువు ఏ బిందువు వద్ద కేంద్రీకృతమైనట్లు భావించవచ్చునో ఆ బిందువును గరిమనాభి అంటారు. విమానం వేగంగా ముందుకు సాగేటప్పుడు రెక్కల చుట్టూ ప్రవహించే గాలి దానిని పైకి లేపుతుంది. దీనినే భౌతికశాస్త్రంలో గతిక ఉత్థాపనం అంటారు. పైకి లేపే బలానికీ, కిందికి లాగే బరువుకూ మధ్య పొంతన కుదరాలంటే గరిమనాభి రెక్కల సమీపంలో ఒక నిర్ణీతమైన హద్దు లోపల ఉండాలి.

హద్దు లోపల ఏర్పడే చిన్నచిన్న తేడాలను సరిదిద్దే బాధ్యత తోకది. తోకకు ఇరువైపులా చిన్న రెక్కల వలె కనిపించే భాగాన్ని స్టెబిలైజర్ అంటారు. తోక గరిమనాభికి చాలా దూరంగా ఉంటుంది కనుక అక్కడ కలిగే కొద్దిపాటి బలం కూడా ఎక్కువ భ్రామకాన్ని ఇస్తుంది. పొడవైన గడ్డపారతో పెద్ద బండను కదిలించగలగడంలో ఉన్న సూత్రం ఇదే. బోయింగ్ 747 వంటి విమానాలలో స్టెబిలైజర్ వాలును మార్చడానికి మరచుట్టు గల బలమైన ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. లారీ చక్రం మార్చేటప్పుడు వాడే స్క్రూ జాకీ వలె అది తిరిగినప్పుడు స్టెబిలైజర్ ముందు అంచు పైకి గాని, కిందికి గాని జరుగుతుంది. ముందు అంచు కిందికి జరిగితే విమానం తోక దిగి, ముక్కు లేస్తుంది.

ముక్కు కొంతవరకు లేవడం అవసరమే. కాని రెక్కలకూ ఎదురుగాలికీ మధ్య కోణం ఒక పరిమితిని దాటితే గాలి రెక్కల పైభాగాన్ని అంటిపెట్టుకొని ప్రవహించలేదు. అప్పుడు ఉత్థాపనం ఒక్కసారిగా క్షీణిస్తుంది. ఈ స్థితిని విమానశాస్త్రంలో స్టాల్ అంటారు. తగినంత ఎత్తు ఉంటే పైలట్ ముక్కును దించి విమానాన్ని తిరిగి అదుపులోకి తెచ్చుకోగలడు. నేలను అప్పుడే విడిచిన విమానానికి ఆ ఎత్తు ఉండదు. సరుకు లోపాలు టేకాఫ్ సమయంలోనే ఎక్కువ ప్రాణాంతకం కావడానికి కారణమిదే.

ఊహలు, ఆధారాలు

ప్రమాదం జరిగిన వెంటనే అనేక ఊహాగానాలు బయలుదేరాయి. ఆ విమానాన్ని తామే కూల్చామని తాలిబన్లు ప్రకటించారు. అంతర్జాతీయ సేనల అధికారులు ఆ మాటను తోసిపుచ్చారు. కెమెరా చిత్రాన్ని చూసినవారు మరొక ఊహ చేశారు. బరువైన వాహనాలు వెనుకకు జారి ఉంటాయనీ, గరిమనాభి తోకవైపు తరలిపోయి ముక్కు లేచిపోయిందనీ వారు భావించారు. ఇది మొదటి ఊహకంటె సత్యానికి చాలా దగ్గరగా ఉన్నది. అయినా పూర్తి సత్యం కాదు.

దర్యాప్తును మొదట ఆఫ్ఘనిస్థాన్ ప్రభుత్వం చేపట్టింది. అనంతరం ఆ బాధ్యతను అమెరికాలోని జాతీయ రవాణా భద్రతా మండలికి అప్పగించింది. దర్యాప్తు అధికారులకు రన్‌వేపైనే కీలకమైన ఆధారాలు లభించాయి. విమానం కూలిన చోటికి ఎంతో ముందుగానే, అది నేల విడిచిన ప్రాంతంలో, విమానదేహపు పైపలకల ముక్కలూ, హైడ్రాలిక్ గొట్టాల ముక్కలూ పడి ఉన్నాయి. అంటే విమానం నేలను తాకి ముక్కలు కావడానికి ముందే దాని వెనుక భాగం లోపలినుండి ఛిద్రమైనదన్నమాట.

రెండవ ఆధారం బ్లాక్ బాక్సులు. విమాన వేగాన్నీ, ఎత్తునూ, యంత్రాల స్థితినీ నమోదు చేసే పరికరం ఒకటి, కాక్‌పిట్ సంభాషణలను నమోదు చేసే పరికరం మరొకటి. ప్రమాదాలలో సాధారణంగా ముందు భాగమే ఎక్కువగా దెబ్బ తింటుంది కనుక వీటిని తోక సమీపంలో అమరుస్తారు. బగ్రామ్ విమానంలో ఈ రెండూ విమానం కూలే వరకు పనిచేయలేదు. అది నేలను విడిచిన కొద్ది క్షణాలకే ఆగిపోయాయి. ప్రమాదానికి ముందే ఏదో ఒక బరువైన వస్తువు తోకవైపు దూసుకుపోయి వాటిని దెబ్బ తీసినదని ఈ మౌనమే సాక్ష్యమిచ్చింది.

అసలు జరిగినది

ఈ ఆధారాలన్నింటినీ కూర్చి చూడగా జరిగిన క్రమం తేటతెల్లమైంది. విమానం ముక్కు పైకెత్తే సమయానికి అందరికంటె వెనుక ఉన్న వాహనం కట్లు తెంచుకొని వెనుకకు కదిలింది. అది విమానపు వెనుక గోడను ఛేదించుకొని తోకభాగంలోకి చొచ్చుకుపోయింది. ఆ తాకిడికి విమానంలోని నాలుగు హైడ్రాలిక్ వ్యవస్థలలో రెండు దెబ్బ తిన్నాయి. అంతకంటె ఘోరమైన నష్టం స్టెబిలైజర్‌ను నడిపే మరకడ్డీకి జరిగింది. అది స్థానభ్రంశం చెందడంతో స్టెబిలైజర్ పైలట్ల అధీనంలో లేకుండా పోయి, ముక్కును పైకి లేపే దిశలోకి వెళ్ళిపోయింది.

ఒక వాహనం వెనుకకు జరగడం వలన కలిగే బరువు మార్పు మాత్రమే విమానాన్ని అదుపు తప్పించేటంత పెద్దది కాదని లెక్కలలో తేలింది. పైలట్లు దానిని ఎదుర్కొనగలిగి ఉండేవారు. కాని ఎదుర్కొనడానికి అవసరమైన సాధనమే వారి చేతిలో మిగలలేదు. కారణం ఏదైతేనేమి, జారినది సరుకే గదా అనిపించవచ్చు. కాని ఈ భేదం చాలా ముఖ్యమైనది. బరువు మార్పే ఏకైక కారణమైతే సరుకు కొద్దిగా కదిలినా పెద్ద ప్రమాదం లేదని ఎవరైనా తలచవచ్చు. కదిలిన సరుకు దేనిని తాకుతుందనేది కూడా ప్రాణాలకు సంబంధించిన ప్రశ్నేనని బగ్రామ్ నిరూపించింది.

బంధనంలోని లెక్క

వాహనాలు ఎందుకు నిలవలేదు? సాధారణంగా విమానంలోకి వచ్చే సరుకును ప్యాలెట్లు అనే లోహపు పలకలపై పేర్చి వలలతో కప్పుతారు. ఆ పలకల అంచులు విమానపు నేలపై ఉన్న లాకులలోకి సరిగా ఇమిడి నిలుస్తాయి. కవచ వాహనాలు ఆ కొలతలకు లొంగవు. వాటిని ప్యాలెట్లపై నిలిపి విమానం మధ్యరేఖ వెంబడి ఉంచారు. ఆ ప్యాలెట్లు లాకులలో బిగించబడలేదు. వాహనాలను నిలిపి ఉంచే భారమంతా వాటినుండి నేలకు బిగించిన పట్టీలపైనే పడింది.

పట్టీల సంఖ్య ఒక్కటే బలాన్ని నిర్ణయించదు. వాటి కోణం కూడా నిర్ణయిస్తుంది. నేలకు సమాంతరంగా లాగిన పట్టీ తన బలమంతటినీ వాహనం వెనుకకు జారకుండా ఆపడానికి వినియోగిస్తుంది. అదే పట్టీ నేలతో 60 డిగ్రీల కోణం చేస్తే, సదిశల విభజన సూత్రం ప్రకారం ఆ దిశలో దాని బలం సగానికి తగ్గుతుంది. నిలువుగా కట్టిన పట్టీ వాహనాన్ని పైకి ఎగరకుండా ఆపుతుందే గాని వెనుకకు పోకుండా ఆపలేదు. అంతేకాక, పట్టీ ఎంత బలమైనదైనా అది తగిలించిన కొక్కెమూ, ఆ కొక్కెం పట్టుకొన్న నేలలోని లోహపు గాడీ అంత బలంగానూ ఉండాలి. గొలుసు బలం అందులోని అతి బలహీనమైన లంకె బలమే.

టేకాఫ్ సమయంలో ఈ పట్టీలపై పడే భారాన్ని ఒక చిన్న లెక్కతో ఊహించవచ్చు. విమానం ముక్కు 15 డిగ్రీలు పైకి లేచినదనుకొంటే, లోపలి నేల ఏటవాలు తలమవుతుంది. ఆ తలంపై నిలిచిన వస్తువు బరువులో సుమారు నాలుగవ వంతు దానిని వెనుకకు లాగుతుంది. 10,900 కిలోగ్రాముల వాహనం విషయంలో ఆ వంతు దాదాపు 2,800 కిలోగ్రాముల బరువుకు సమానం. విమానం వేగం పెంచుకోవడం వలన కలిగే జడత్వ ప్రభావం దీనికి అదనం. గాలిలోని కుదుపులు మరింత అదనం. కనుకనే ఇటువంటి సరుకును కట్టేటప్పుడు నిశ్చలస్థితిని గాక అత్యంత క్లిష్టస్థితిని దృష్టిలో ఉంచుకొని లెక్క కట్టాలి.

విమాన నిర్మాణ సంస్థ, సరుకు పరికరాల నిర్మాణ సంస్థ విధించిన పరిమితుల ప్రకారం లెక్కించి చూస్తే, ఆ ఐదు వాహనాలను ఒకేసారి ఆ విమానంలో సురక్షితంగా బంధించడమే సాధ్యం కాదని దర్యాప్తులో తేలింది. అంటే మరికొన్ని పట్టీలు చుట్టి ఉంటే సరిపోయేదని చెప్పడానికి కూడా వీలులేదు. ఆ ప్రయాణం ఆ రూపంలో మొదలు కాకుండా ఉండవలసింది.

దోషం ఎవరిది?

కాక్‌పిట్ సంభాషణల రికార్డులో దర్యాప్తు అధికారులను కలవరపరచిన ఒక అంశం ఉన్నది. బాస్టియన్ నుండి బగ్రామ్ వరకు సాగిన మొదటి ప్రయాణంలోనే సరుకు కొద్దిగా కదిలిందనీ, పట్టీలలో తెగినది కూడా ఉన్నదనీ సిబ్బంది గమనించారు. బగ్రామ్‌లో విమానం ఆగి ఉన్నప్పుడు దానిని గురించి మాట్లాడుకొన్నారు. లోడ్‌మాస్టర్ కట్లను తిరిగి బిగించాడు. తెగిన పట్టీ ఒక హెచ్చరిక. కట్టే పద్ధతిలోనే లోపమున్నదని అది చెబుతున్నది. కాని ఆ భాషను అక్కడ ఎవరూ గ్రహించలేకపోయారు. ఒక పట్టీ వదులైనదని మాత్రమే అర్థం చేసుకొని, దానిని సవరించి, ముందుకు సాగారు.

ఇంతవరకు చూచినవారికి దోషం లోడ్‌మాస్టర్‌దేనని తోచడం సహజం. కట్టినవాడు అతడే. కట్టు తెగింది. అతడూ మరణించాడు. మరణించినవానిపై నేరం మోపి కాగితాలను మూసివేయడం లోకంలో కొత్త కాదు. ఈ దర్యాప్తు అక్కడ ఆగకపోవడమే దానిలోని గొప్పతనం. లోడ్‌మాస్టర్ ఏ గ్రంథాన్ని అనుసరించి కట్టాడో ఆ గ్రంథాన్ని అధికారులు తెరచి చూశారు.

సంస్థ తన సిబ్బందికి ఇచ్చిన సరుకు నిర్వహణ గ్రంథంలో, విమాన నిర్మాణ సంస్థ తప్పనిసరి అని చెప్పిన భద్రతా సమాచారం కొంత లేనేలేదు. ఉన్న సమాచారంలోనూ తప్పులున్నాయి. నేలపై ఏయే గాడులకు పట్టీలు తగిలించవచ్చునో అది సరిగా చెప్పలేదు. ఒక్కొక్క బిందువు ఎంత భారం మోయగలదో నిర్ణయించలేదు. పట్టీ కోణం మారితే బలం ఎలా మారుతుందో వివరించలేదు. తప్పు కొలబద్ద ఇచ్చి సరిగా కొలవమన్నట్లుగా ఉన్నది పరిస్థితి. ఆ గ్రంథాన్ని శ్రద్ధగా అనుసరించినవాడు కూడా తప్పుగానే కట్టేవాడు.

ఆ గ్రంథాన్ని పరిశీలించవలసిన ప్రభుత్వ సంస్థ అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్. ప్రత్యేక సరుకుల విషయంలో దాని తనిఖీ కొరవడినదని మండలి స్పష్టం చేసింది. తనిఖీ అధికారులకు ఈ విషయంలో తగిన మార్గదర్శకత్వమూ, శిక్షణా లేవు. పైలట్‌కు లైసెన్సు ఉండాలి. యంత్రాలను బాగుచేసే మెకానిక్‌కు ధ్రువపత్రం ఉండాలి. కాని పదుల టన్నుల ఉక్కును విమానంలో బంధించే వ్యక్తికి ప్రభుత్వ ధ్రువపత్రమేదీ అప్పటికి అవసరం లేదు.

2015 జూలైలో మండలి తన తుది నిర్ణయాన్ని ప్రకటించింది. ప్రత్యేక సరుకును బంధించడానికి సంస్థ ఏర్పరచిన పద్ధతులు చాలకపోవడం, అందువలన లోడ్‌మాస్టర్ సరుకును సరిగా బంధించలేకపోవడం ప్రమాద కారణాలుగా పేర్కొన్నది. ప్రభుత్వ పర్యవేక్షణ కొరవడడం దోహదకారణమని తేల్చింది. ఆ వాక్యంలోని వరుస గమనింపదగినది. పద్ధతి ముందు, వ్యక్తి తరువాత.

మరి రెండు ఉదాహరణలు

ఎలా కట్టాలి అనే ప్రశ్నకు బగ్రామ్ సాక్ష్యమైతే, మిగిలిన రెండు ప్రశ్నలకు వేరే ప్రమాదాలు సాక్ష్యంగా నిలిచాయి.

1997 ఆగస్టు 7న అమెరికాలోని మయామి విమానాశ్రయం నుండి ఫైన్ ఎయిర్ సంస్థకు చెందిన డి.సి.-8 సరుకు విమానం డొమినికన్ రిపబ్లిక్ రాజధాని శాంటో డొమింగోకు బయలుదేరింది. దానిలో డెనిమ్ వస్త్రం ఉన్నది. ఆ సరుకు మొదట మరొక విమానానికి ఉద్దేశించినది. చివరి సమయంలో విమానం మారింది. ఎక్కించిన తీరు కాగితంపై ఉన్న తీరుతో సరిపోలేదు. బరువు తోకవైపు మొగ్గింది. పైలట్లు మాత్రం కాగితంపై ఉన్న అంకెలను నమ్మి స్టెబిలైజర్‌ను అమర్చుకొన్నారు. ముక్కు ఎత్తిన మరుక్షణమే విమానం అదుపు తప్పి నిటారుగా లేచి, స్టాల్ అయి, విమానాశ్రయం ఆవల వాణిజ్య ప్రాంతంలో కూలిపోయింది. విమానంలోని నలుగురితో పాటు నేలపై ఉన్న ఒక వ్యక్తి కూడా మరణించాడు. సరుకు ఎక్కడ ఉన్నదనే ప్రశ్నకు కాగితం ఒక సమాధానం, విమానం మరొక సమాధానం చెప్పడమే అక్కడి విషాదం.

2004 అక్టోబర్ 14 వేకువజామున కెనడాలోని హాలిఫాక్స్ నుండి ఎం.కె. ఎయిర్‌లైన్స్ సంస్థకు చెందిన బోయింగ్ 747 సరుకు విమానం స్పెయిన్‌కు బయలుదేరింది. అంతకుముందు అది అమెరికాలోని బ్రాడ్లీ విమానాశ్రయం నుండి వచ్చి, హాలిఫాక్స్‌లో మరింత సరుకునూ, ఇంధనాన్నీ నింపుకొన్నది. టేకాఫ్‌కు కావలసిన వేగాన్నీ, ఇంజన్ల శక్తినీ నిర్ణయించే కంప్యూటర్ లెక్కలో కొత్త బరువుకు బదులుగా పాత ప్రయాణపు బరువే వినియోగింపబడినట్లు కెనడా దర్యాప్తు సంస్థ నిర్ధారించింది. అసలు బరువు సుమారు 3,53,000 కిలోగ్రాములు. లెక్కకు తీసుకొన్నది సుమారు 2,40,000 కిలోగ్రాములు. ఉన్న బరువుకు చాలని వేగంతో లేవబోయిన విమానం రన్‌వే దాటిపోయి, అక్కడి మట్టికట్టకు తోక తగిలి విరిగి, కూలిపోయింది. ఏడుగురు సిబ్బందీ మరణించారు. సిబ్బంది అలసట, వేకువ చీకటి కూడా పొరపాటును గుర్తించకుండా చేశాయని నివేదిక పేర్కొన్నది. ఎంత అనే ప్రశ్నలో ఒక అంకె తప్పితే ఫలితమిది.

ఈ మూడు ప్రమాదాలలోనూ ఇంజన్లు విఫలమై విమానాన్ని కూల్చలేదు. శత్రువు దాడి లేదు. మెరుపు తాకలేదు. విమానం కదలడానికి ముందే, నేలపై జరిగిన పనిలోనే ప్రమాదబీజం ఉన్నది.

తరువాతి మార్పులు

బగ్రామ్ దర్యాప్తు అనంతరం మండలి పలు సిఫారసులు చేసింది. ప్రత్యేక సరుకును ఎక్కించి, బంధించి, పత్రాలు రూపొందించే సిబ్బందికి ప్రభుత్వ ధ్రువీకరణ ఉండాలనీ, వారి శిక్షణకూ, విశ్రాంతికీ నియమాలుండాలనీ సూచించింది. సంస్థల నిర్వహణ గ్రంథాలను నిర్మాణ సంస్థల గ్రంథాలతో పోల్చి చూడాలని కోరింది. ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ 2015లో సరుకు రవాణాకు సంబంధించిన తన మార్గదర్శక పత్రాన్ని సవరించి విడుదల చేసింది.

భారతదేశంలో కూడా ప్రతి ప్రయాణానికి ముందు బరువునూ, సమతౌల్యాన్నీ తెలిపే లోడ్ అండ్ ట్రిమ్ షీట్ అనే పత్రాన్ని శిక్షణ పొందిన వ్యక్తి రూపొందించాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నియమాలు నిర్దేశిస్తున్నాయి. హైదరాబాదు సమీపంలోని శంషాబాద్ విమానాశ్రయం నుండి ఔషధాలు విదేశాలకు వెళుతున్నాయి. ఆ మందుల పెట్టెలను ఎత్తే సరుకు సిబ్బంది పేర్లు ఏ టికెట్టు మీదా కనిపించవు. విమానం క్షేమంగా గమ్యం చేరితే వారిని ఎవరూ తలచుకోరు. అయినా పైలట్ నైపుణ్యం ఎంతటిదైనా, అది వారు చేసిన పనిపైనే ఆధారపడి గాలిలో నిలుస్తుంది.

బగ్రామ్ విమానంలోని ఏడుగురూ తమ వృత్తి తెలిసినవారే. వారికి తెలియనిది తాము నమ్మిన గ్రంథంలోని తప్పు మాత్రమే. అందుచేత ఈ ప్రమాదం నేర్పే పాఠం కట్టేవానికి ఎంత వర్తిస్తుందో, కట్టే విధానాన్ని రాసేవానికీ, దానిని తనిఖీ చేయవలసినవానికీ అంతే వర్తిస్తుంది. ఒక పట్టీ తెగినప్పుడు మరొక పట్టీ వేయడం పని. అది ఎందుకు తెగిందని అడగడం బాధ్యత. బండి దారిలో ఒక మోకు తెగితే రైతు కొత్త ముడి వేసి ఊరుకోడు. బస్తాలన్నీ మరొకసారి సరిచూసుకొన్న తరువాతనే ఎద్దులను అదిలిస్తాడు. ఎన్ని యంత్రాలు వచ్చినా ఆ జాగ్రత్త మనిషే వహించవలసి ఉన్నది.